ఖాళీ చేసి ఇవ్వాల్సిన మడి

ఉదయ్‌కిరణ్ తోటలోకి వచ్చేసరికి ఆమని ఆనపపాదును పందిరికి కడుతోంది. మంగళవారం, ఇంకా మధ్యాహ్నం కాలేదు. ఆ వేళప్పుడు అతను ఆఫీసులో ఉండాలి. మెడలో ఆఫీసు కార్డు లేదు. చొక్కా చేతులు మడిచి ఉన్నాయి. రాత్రి వానకి నానిన నేల అతని బూట్లకి అప్పుడే అంటుకుంది. సింగపూర్లో ఈ చోవా చూ కాంగ్‌లో కాపురం పెట్టిన ఇన్నేళ్ళలో అతను ఈ తోట గేటు దాటి లోపలికి వచ్చింది ఏ రెండుసార్లో.

“ఏంటండీ, ఇలా వచ్చేరు? ఒంట్లో బాలేదా?”

“బానే ఉంది.” అతను పందిరి కర్ర పట్టుకుని నిలబడ్డాడు. “మా టీమ్ మొత్తాన్ని తీసేసేరు ఆమనీ. పొద్దున్నే మీటింగ్ పెట్టి చెప్పేరు. ల్యాప్‌టాప్ అక్కడికక్కడే తీసేసుకున్నారు.”

ఆమె చేతిలో తాడు అలాగే ఉండిపోయింది.

“ఇక్కడ ఉండనిచ్చే వర్క్ పాస్ రద్దు చేస్తారు. అక్కణ్ణుంచి నెల రోజులు టైము. ఈలోగా ఇంకోటి దొరికితే సరే. దొరక్కపోతే వెళ్ళిపోవాలి.”

“ఆనప ఇప్పుడే పూతకొచ్చిందండి,” అంది ఆమని.

అతను ఆమె మొహంలోకి చూశాడు. “నేనేం చెప్తున్నాను, నువ్వేం మాట్లాడుతున్నావ్?” అని గిరుక్కున తిరిగి వెళ్ళిపోయాడు. గేటు అతని వెనకాల దడాలున మూసుకుంది.

అతను చెప్పింది ఆమెకి అర్థం కాక కాదు. బాగా అర్థమైంది. అర్థమైనదాన్ని పలకడానికి నోరు రాక, ఎదురుగా కనిపించినదాన్ని పలికింది. అతని వెంట వెళ్ళాలనుకుంది కూడా. కానీ తీగ సగం కట్టి వదిలేస్తే కింద పాకి నత్తల పాలవుతుంది. మిగతా సగమూ కట్టి, చేతులు కడుక్కుని అప్పుడు వెళ్ళింది.

ఆ తోట నాలుగు అపార్ట్‌మెంటు బ్లాకుల మధ్య ఉన్న చిన్న జాగా. చుట్టూ ఆకుపచ్చ కంచె, లోపల ఇటుకలతో కట్టిన ఎత్తు మడులు, ఒక కుళాయి. బ్లాకుల్లో ఉండేవాళ్ళకి కమిటీ చీటీలు తీసి మడులు ఇస్తుంది. ఆమనికి రెండో చీటీలో వచ్చింది. అప్పటికి ఆ మడిలో మట్టి సిమెంటు బిళ్ళలా ఉండేది. కొబ్బరిపీచు, వంటింటి తొక్కలు, ఎండుటాకులు కలిపి కలిపి, వేలు పెడితే దిగేంత మెత్తగా చేసుకుంది. ఇప్పుడు అందులో గోంగూర, బచ్చలి, తోటకూర, అంచు వెంబడి కనకాంబరాలు, పందిరి మీద ఆనప. మూలన కరివేపాకు. జానెడు మొక్కగా వచ్చినది ఇప్పుడు ఆమె తల దాటి పోయింది. వాళ్ళకి రెండు అంతస్తుల పైన ఉండే తమిళావిడ కూడా కిటికీలోంచి కేకేసి రెబ్బలు అడిగేది.

ఆమని పుట్టింది నర్సరీలో. కడియం పక్కన వాళ్ళ నాన్న భద్రయ్య పొలం కౌలుకి తీసుకుని మొక్కలు పెంచేవాడు. వాళ్ళు ఉండే రెండు గదులు కూడా ఆ కౌలు నేలలోనే, గులాబీ మొక్కల వరసల చివర. పొద్దువాటారేసరికి లారీలు వచ్చేవి. బెంగళూరు, నాగపూర్, ఆమె ఎప్పుడూ వినని ఊళ్ళు. చిన్నప్పుడు ఒకసారి తను రోజూ నీళ్ళు పోసిన పారిజాతాన్ని లారీకెక్కిస్తుంటే గోల పెట్టి ఏడ్చింది. అది ఎక్కడికెళ్తుంది, అక్కడ నీళ్ళెవరు పోస్తారు అని అడిగింది. భద్రయ్య ఆమె చెయ్యి పట్టుకుని పక్కకి తీసుకొచ్చి, “లోడెక్కిన మొక్క మనది కాదమ్మాయ్. దాని గురించి అడగమాక,” అన్నాడు. కోపంగా అనలేదు. అదొక పద్ధతి, నేర్చుకోవాల్సిందే అన్నట్టు అన్నాడు.

ఆమె నేర్చుకుంది. పెళ్ళయి హైదరాబాదు వెళ్ళింది. బాల్కనీలో పెంచినవన్నీ, పుణె బదిలీ వచ్చినప్పుడు వాచ్‌మన్ భార్యకి ఇచ్చేసింది. పుణెలో మేడ మీద పెంచినవి ఇంటి ఓనరుకి వదిలేసింది. వాళ్ళకి మళ్ళీ ఎప్పుడూ ఫోన్ చేసి అడగలేదు. ఊరు మారేవాళ్ళలో తక్కినవాళ్ళు ముందున్న ఊరి గురించి మాట్లాడుకుంటారు. అక్కడ ఇల్లెలా ఉంటుంది, బడి ఎంత దూరం అని. ఆమనికి మాత్రం ప్రతి ప్రయాణమూ వెనకనుంచే మొదలయ్యేది. రేపు పొద్దున్న వీటికి నీళ్ళెవరు పోస్తారన్న దగ్గర మొదలై, ఎవరో ఒకరు దొరకగానే అక్కడితో ఆగిపోయేది. ఆ తరవాత రైలైనా విమానమైనా ఆమెకి ఒక్కటే.

సింగపూర్లో కూతురు వర్షిత బడిలో చేరాక, ఇంక ఊరు మారక్కర్లేదేమో అనుకుంది. ఎవరూ మాటివ్వలేదు. కరివేపాకు మొక్క కుండీలో కాకుండా నేలలో పెట్టిందంటే తనే అలా అనుకుంది.

నెలలో మొదటి సగం ఉద్యోగం వెతకడంతో గడిచింది. ఉదయ్ పొద్దున్నే గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, భోజనాల బల్ల దగ్గర ల్యాప్‌టాప్ ముందు కూర్చునేవాడు. కింద మాత్రం ఇంట్లో కట్టుకునే లుంగీ. తెర మీద ఎవరితోనో నవ్వుతూ మాట్లాడేవాడు. అది అయిపోగానే కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకునేవాడు. “మళ్ళీ పిలుస్తామన్నారు,” అనేవాడు. ఎవరూ మళ్ళీ పిలవలేదు. చివరికి అతనే హైదరాబాదులో ఉన్న అక్కకి ఫోన్ చేశాడు. వాళ్ళ ఫ్లాట్‌లో ఒక గది ఇస్తామన్నారు, ఏదో ఒకటి దొరికేదాకా.

సంగతి వర్షితకి చెప్పే పని ఆమని మీద పడింది. ఆ పిల్ల హోంవర్క్ చేసుకుంటూ పెన్సిలు కింద పెట్టకుండానే విన్నది.

“ఐ యామ్ నాట్ గోయింగ్,” అంది, బడిలో అబ్బిన సింగపూర్ ఇంగ్లీషులో. “యూ ఆల్ గో లా.”

“నువ్వొక్కదానివే ఎలా ఉంటావమ్మా ఇక్కడ? అత్త వాళ్ళింటికి వెళ్దాం. తరవాత మన ఇల్లు మనం చూసుకుందాం.”

“దిస్ ఈజ్ మన ఇల్లు వాట్.”

వర్షిత పెన్సిలు చెక్కుకుని మళ్ళీ లెక్కల్లో పడింది. తరవాత ఆ విషయం ఎప్పుడూ ఎత్తలేదు. ఆ మౌనానికే ఆమనికి ఎక్కువ భయం వేసింది.

బుకిట్ బటోక్‌లో ఉండే తారాదేవి అనే ఆవిడ వీడుకోలు భోజనానికి పిలిచింది. తెలిసిన తెలుగు కుటుంబాలు నాలుగైదు వచ్చాయి. పులిహోర, గుత్తివంకాయ, అప్పడాలు. అందరూ ఉదయ్ ఉద్యోగం గురించి అడక్కుండా జాగ్రత్త పడ్డారు. దాని బదులు, “హాయిగా ఇంటికెళ్ళిపోతున్నారు. మేం ఇంకా ఎన్నాళ్ళు ఈ అద్దె కొంపల్లో పడుండాలో,” అంది తారాదేవి. “అవును, ఎంతైనా మన ఇల్లు మన ఇల్లే,” అన్నారు ఇంకెవరో. ఆమని నవ్వి, పెరుగు వడ్డించుకుంది.

ఏ ఇల్లు? భద్రయ్య చనిపోయిన ఏడాదికే కౌలు నేల సొంతదారు తీసేసుకున్నాడు. ఇప్పుడక్కడ ఫంక్షన్ హాలు ఉంది. రెండు గదులూ పడగొట్టి జనరేటరు పెట్టారు. అమ్మ అంతకుముందే పోయింది. తమ్ముడు బాబ్జీ విజయవాడలో కారు నడుపుకుంటూ ఎవరితోనో కలిసి ఒక గదిలో ఉంటాడు. ఉదయ్ వైపు వాళ్ళకీ ఎప్పుడూ సొంతిల్లు లేదు. వాళ్ళ నాన్న రైల్వేలో చేసి, క్వార్టర్సు మారుతూ బతుకంతా గడిపాడు. ఈ మాటలు ఆ భోజనాల దగ్గర చెప్పేవి కావు.

తిరిగొచ్చేటప్పుడు రైల్లో ఉదయ్, “అందరూ ఇంటికి, ఇంటికి అంటున్నారు,” అన్నాడు.

తోట కమిటీ పెద్ద టాన్ అంకుల్ ఆ వారమే కబురు పంపాడు. నెలాఖరుకి మడి ఖాళీ చేసి ఇవ్వాలని, చీటీలో వచ్చినవాళ్ళు ఒకటో తారీఖున తీసుకుంటారని. ఆమని స్వయంగా వెళ్ళి అడిగింది. మొక్కలు అలాగే ఉంచి ఇస్తాను, వచ్చేవాళ్ళకి అక్కరకొస్తాయి అంది. ఆయన మంచివాడు. కోత కత్తెర పక్కన పెట్టి, ఓపిగ్గా విడమర్చి చెప్పాడు. ఇదివరకు అలా వదిలేసి వెళ్తే, వచ్చినవాళ్ళు మాకివి వద్దని తగువులు పెట్టుకున్నారట. అందుకని ఎవరైనా సరే ఉత్త మట్టి అప్పగించాలి. “చెట్టు కూడా,” అన్నాడు కరివేపాకు వైపు చూసి. “సారీ ఆ.”

ఈ మాటలు విన్నది పక్క మడి సీతారామారావు.

సీతారామారావు సింగపూర్లోనే పుట్టిన తెలుగాయన. డెబ్భై దాటాయి. వాళ్ళ నాన్న శ్రీకాకుళం వైపునుంచి ఓడెక్కి వచ్చి, సెంబవాంగ్‌లో బ్రిటిష్ వాళ్ళ నేవల్ బేస్‌లో పనికి కుదిరాడు. ఆయన పుట్టింది ఆ కూలీ క్వార్టర్సులో. భార్య పోయాక ఈ బ్లాకులో నాలుగో అంతస్తులో ఒక్కడే ఉంటున్నాడు. ఆయన తెలుగులో తమిళం, మలయ్ కలిసిపోయి ఉంటాయి. ఆమని మొదటిసారి మడి తవ్వుతున్నప్పుడు ఆయన కంచె అవతల నిలబడి, “మకాన్ అయిందా అమ్మా?” అని అడిగితే, అన్నం తిన్నావా అని అడుగుతున్నాడని ఆమెకి అర్థం కావడానికి కాసేపు పట్టింది. ఆ రోజునుంచి ఆయన ఆమెకి రోజూ కనిపించే మనిషి.

“చెట్టు నరికేస్తారా?” అన్నాడిప్పుడు. “ఎందుకు? నా కారిడార్‌లో పెడతా. డ్రమ్ము ఉంది నా దగ్గర.”

“ఇంత చెట్టు డ్రమ్ములో బతకదు అంకుల్.”

“కొమ్మలు కొట్టేసి చిన్నది చెయ్యి. బోలే అమ్మా, బోలే. అవుతుంది.”

అవదని ఆమనికి తెలుసు. నేలలో నిలదొక్కుకున్న చెట్టుని ఎలా కదపాలో భద్రయ్య చేతుల్లో వందసార్లు చూసింది. ముందు ఒక పక్క వేళ్ళు తెంచి, గాడి తీసి, మట్టి కప్పి వదిలేసేవాడు. కొత్త పీచువేళ్ళు వచ్చాక రెండో పక్క. అదీ కుదుటపడ్డాక అప్పుడు మట్టి ముద్దతో సహా పైకి లేపి గోనెపట్టా చుట్టేవాడు. “ఊరు మారే చెట్టుకి ముందుగా చెప్పాలమ్మాయ్,” అనేవాడు. “చెప్పకుండా లేపితే చచ్చిపోద్ది.” దానికి రెండు మూడు నెలలు పడుతుంది. ఆమె దగ్గర ఉన్నది పన్నెండు రోజులు.

అయినా సరేనంది. నరకడం కంటే అదే నయమనిపించింది. లేదా ఆ ముసలాయన మొహం చూసి కాదనలేకపోయింది.

మర్నాడు కొమ్మలు సగానికి సగం కొట్టేసింది. చుట్టూ తవ్వుతూ పోతే తల్లివేరు మడి అడుగు దాటి, కింద ఎర్రమట్టిలోకి దిగిపోయి ఉంది. పార అందలేదు. సీతారామారావు రంపం తెచ్చి ఇచ్చాడు. ఆమె మడిలో బోర్లా పడుకుని, చెయ్యి భుజందాకా గోతిలో పెట్టి వేరు కోసింది. ఇద్దరూ కలిసి చెట్టుని లేపుతుండగా వేళ్ళ చుట్టూ ఉన్న మట్టి ముద్ద రెండుగా విడిపోయింది. పెద్ద చప్పుడేం కాలేదు. తడి మట్టి జారి గోతిలో పడింది, అంతే. వేళ్ళు ఉత్తవిగా వేలాడాయి. ఆమని చేతులు ఒక్క క్షణం ఆగిపోయాయి. ఆయన అది గమనించలేదు. “ఎత్తు ఎత్తు, నడుం పట్టేస్తోంది,” అన్నాడు.

ట్రాలీ మీద లిఫ్టులో ఎక్కించి, నాలుగో అంతస్తులో ఆయన తలుపు పక్కన నీలం డ్రమ్ములో నిలబెట్టారు. నీళ్ళు పోశారు. ఎండ తగలకుండా పాత దుప్పటి కట్టారు. ఆయన కాఫీ పెట్టి, కండెన్స్‌డ్ మిల్క్ పోసి ఇచ్చాడు. ఇద్దరూ కారిడార్‌లో స్టూళ్ళ మీద కూర్చుని తాగారు.

“మా అప్పా వచ్చే ఏడు పోదాం, వచ్చే ఏడు పోదాం అనేవాడు,” అన్నాడు సీతారామారావు. “చచ్చిపోయేదాకా అదే మాట. ఎక్కడా నాటుకోలేదు మనిషి. సెంబవాంగ్‌లో తలుపు ముందు తులసి కూడా పెట్టనిచ్చేవాడు కాదు అమ్మని. పోయేవాళ్ళం కదా అని.”

“మీరెప్పుడూ వెళ్ళలేదా అంకుల్, ఆ ఊరికి?”

“ఒక్కసారి పోయా. నా నలభై ఏళ్ళప్పుడు. ఊరి పేరు ఉంది, మావాళ్ళు లేరు. ఒకాయన లోపలికి పిలిచి మజ్జిగ ఇచ్చాడు. నేను తాగే లోపలే, బస్సు వెళ్ళిపోతుంది, మళ్ళీ దొరకదు, బయల్దేరండి అన్నాడు.” ఆయన నవ్వాడు. “మంచి మజ్జిగ అమ్మా. కానీ భయపడ్డాడు పాపం, భూమి అడుగుతానని.”

అయిదోనాటికి ఆకులు వాలాయి. ఆ తరవాత రెబ్బలు రెబ్బలుగా రాలడం మొదలైంది. ఆమని సామాన్లు సర్దడం మధ్యలో ఆపి రోజూ పైకి వెళ్ళి చూసేది. పోసిన నీళ్ళు చెట్టు తాగడం లేదు. ఒకరోజు గోటితో కొమ్మ మీద బెరడు గీకింది. ఆకుపచ్చ లేదు. కింద మొదట్లో గీకింది. అక్కడా గోధుమరంగే, పొడిగా.

ఆయన తలుపు దగ్గర నిలబడి చూస్తున్నాడు.

“అంకుల్, ఇది పోయింది.”

“పోయిందా?”

“పోయింది. ఆ రోజు మట్టి విడిపోయినప్పుడే పోయింది. మీకు చెప్పలేదు.”

సీతారామారావు వచ్చి తనూ వంగి చూశాడు. చూసి, రాలిన ఆకులు చీపురుతో ఒక పక్కకి ఊడ్చాడు. “సరి,” అన్నాడు. “ఉండనీ. నువ్వు వెళ్ళాక తీయిస్తా.”

ఆమని తల ఊపింది. ఆయనకి నమస్కారం పెట్టి మెట్ల మీదుగా దిగింది. లిఫ్టులో ఎవరైనా ఎదురుపడితే మాట్లాడాల్సి వస్తుందని.

మడి ఖాళీ చేసే రోజు ఉదయ్ తనంతట తనే వచ్చాడు. పాత టీషర్టు వేసుకుని, చేతులకి వంటింటి తొడుగులు పెట్టుకుని. ఏం చెయ్యాలో చెప్పు అన్నాడు. ఆమె గోంగూర పీకమంది. గోంగూర సులువు, పట్టుకుని లాగితే వచ్చేస్తుంది. తను కనకాంబరాలు తీసింది. పీకినవన్నీ నల్ల చెత్త సంచుల్లో కుక్కారు. గోంగూర కట్టలు పక్క మడులవాళ్ళకి తలా ఒకటి ఇస్తే, పుల్లగా ఉంటుందని తెలియక ఒక చైనీస్ ఆవిడ అక్కడే ఆకు నమిలి మొహం వికారంగా పెట్టింది. ఉదయ్ నవ్వాడు. నెల రోజుల్లో అతను నిజంగా నవ్వగా ఆమె చూడ్డం అదే మొదలు.

ఆఖరికి ఆనపపాదు మిగిలింది. పందిరి కింద చేరి చూస్తే పిందెలు దిగి ఉన్నాయి, వేలెడంతవి, నూగు నూగుగా. ఉదయ్ తీగని గుప్పెట్లో పట్టుకుని గట్టిగా లాగాడు. పందిరి అంతా ఊగింది. తీగలు తెగి పిందెలు నేల మీద పడ్డాయి.

“అలా లాగకండి!” అంది ఆమని.

“ఎలాగైనా పారేసేదేగా.”

“పారేసేదైతే మాత్రం? అలాగేనా లాగడం?”

“మరెలా లాగాలి? నువ్వే చెప్పు.” అతను తీగ వదిలేశాడు. “నెల రోజుల్నుంచీ చూస్తున్నా. నా ఉద్యోగం పోయిందంటే ఆనప పూతకొచ్చిందన్నావ్. సామాన్లు సర్దమంటే ఆ ముసలాయన కారిడార్‌లో కూర్చుంటావ్. నేనొకణ్ణి ఉన్నానని నీకు తెలుస్తోందా అసలు?”

“తెలుస్తోందండీ. తెలీకేం? ఎక్కడికి తీసుకెళ్తున్నారో అదొక్కటే తెలీడం లేదు.” ఆమె గొంతు పెరిగింది. పక్క మడిలో నీళ్ళు పోస్తున్నవాళ్ళు తల తిప్పి చూసి, మళ్ళీ తల దించుకున్నారు. “హైదరాబాదు అన్నారు, వెళ్ళాం. పుణె అన్నారు, వెళ్ళాం. ఇక్కడికన్నారు, వచ్చాం. నేనెప్పుడైనా రానన్నానా? ఇప్పుడు అందరూ ఇంటికెళ్తున్నారా అని అడుగుతుంటే నవ్వుతున్నాను. ఏ ఇంటికండీ? మీ అక్క వాళ్ళ గెస్ట్‌రూమ్‌కా?”

ఉదయ్ చేతి తొడుగులు ఒకటి తరవాత ఒకటి తీసి జేబులో పెట్టుకున్నాడు. “నాకూ తెలీదు ఆమనీ,” అన్నాడు. “అక్క వాళ్ళ దగ్గర ఎన్నాళ్ళుంటామో, ఆ తరవాత ఏ ఊరో, నాకూ తెలీదు. నాకు తెలిసినట్టు మాట్లాడుతున్నాను, అంతే.”

ఉరిమింది. సింగపూర్ వాన ముందు చెప్పి రాదు. ఇద్దరూ పరుగెత్తి బ్లాకు కింద స్తంభాల మధ్యకి చేరేలోపే తడిసిపోయారు. అక్కడ సిమెంటు బల్ల మీద కూర్చున్నారు. వాన హోరులో మాట్లాడుకున్నా వినపడదు. ఉదయ్ మోచేతుల మీద వంగి నేలకేసి చూస్తూ కూర్చున్నాడు. అతని మెడ వెనక వెంట్రుకల్లో ఎండుటాకు ముక్క చిక్కుకుని ఉంది. ఆమని దాన్ని తీసేసింది. అతను తల తిప్పలేదు గానీ, ఆమె చెయ్యి కిందికి రాకుండా పట్టుకున్నాడు. వాన తగ్గేదాకా అలాగే ఉన్నారు.

తగ్గాక మళ్ళీ వెళ్ళి పని ముగించారు. ఈసారి ఆమె కత్తెరతో తీగని మొదట్లో కోసి, ముళ్ళు విప్పి, చుట్టలు చుట్టలుగా కిందికి దించింది. అతను సంచి నోరు తెరిచి పట్టుకున్నాడు. పందిరి కర్రలు కూడా తీసి కట్ట కట్టారు. తడి మట్టిని ఆమె అరచేత్తో చదును చేసింది. మడి ఇప్పుడు నల్లగా, ఉత్తగా, ఉన్నదానికన్నా చిన్నదిగా కనిపించింది.

చేతులు కడుక్కుంటుండగా టాన్ అంకుల్ ఒక అమ్మాయిని వెంటబెట్టుకొచ్చాడు. చీటీ ఆ అమ్మాయికే వచ్చిందట. ఇరవయ్యేళ్ళ పైన ఉంటాయి, కొత్తగా పెళ్ళయినట్టుంది. చూసి పోదామని ఒకరోజు ముందే వచ్చింది. మడి చుట్టూ తిరిగి, ఫోటో తీసుకుని, మట్టి చేత్తో తీసి చూసి, ఇంత మెత్తటి మట్టి ఎక్కడ కొన్నారని అడిగింది. కొన్నది కాదని ఆమని చెప్పింది. ఇటు మూల నీళ్ళు నిలుస్తాయని, అక్కడ లోతుగా వేళ్ళు దిగే మొక్కలు పెట్టొద్దని చెప్పింది. వాన వెలిశాక నత్తలు ఈ ఇటుకల సందుల్లోంచి వస్తాయని, చేత్తో ఏరి పారెయ్యడమే తప్ప వేరే మార్గం లేదని చూపించింది. ఆ అమ్మాయి అన్నిటికీ తల ఊపుతూ విన్నది. నేనేం వెయ్యాలి అని అడిగితే మాత్రం ఆమని, మీకు తినాలనిపించింది వేసుకోండి అంది.

“యూ గోయింగ్ హోమ్, ఈజ్ ఇట్?” అని అడిగింది ఆ అమ్మాయి, వెళ్ళబోతూ.

ఉదయ్ ఆమని వైపు చూశాడు.

“యెస్,” అంది ఆమని.

ఆ తరవాత మిగిలినవి రెండు రోజులు. సోఫా ఎవరో వచ్చి తీసుకెళ్ళారు. వర్షిత బడినుంచి ఆఖరిరోజు ఒక సంచి నిండా గ్రీటింగ్ కార్డులతో వచ్చి, వాటిని చదవకుండానే సూట్‌కేసు అడుగున పెట్టేసింది. ఖాళీ ఫ్లాట్‌లో మాటలు ప్రతిధ్వనిస్తుంటే ముగ్గురూ గొంతు తగ్గించి మాట్లాడుకున్నారు. ఆమని కిటికీ దగ్గరికి వెళ్ళలేదు. అక్కణ్ణుంచి తోట కనిపిస్తుంది.

బయల్దేరే రోజు పొద్దున్నే సీతారామారావు కిందికి వచ్చి నిలబడ్డాడు. సామాన్లు టాక్సీలో ఎక్కించడానికి చెయ్యి వెయ్యబోతే ఉదయ్ వద్దన్నాడు. ఆయన వర్షిత చేతిలో బిస్కెట్ల పొట్లం పెట్టాడు. ఆమనితో ఏదో చెప్పాలనుకుని, “అక్కడ ఎండ ఎక్కువ. జాగ్రత్త,” అన్నాడు. ఆమె వంగి ఆయన కాళ్ళకి దణ్ణం పెట్టింది. ఆయనకి అలా పెట్టించుకోవడం అలవాటు లేక రెండడుగులు వెనక్కి వేశాడు.

టాక్సీలో ముందు సీట్లో ఉదయ్, వెనక ఆమని, వర్షిత. వర్షిత కిటికీ అద్దానికి నుదురు ఆనించి ఉంది. దాటిపోయే ప్రతిదాన్నీ, తన బడి గేటుని, ఈతకొలనుని, రైలు స్టేషన్ని, పేరు పెట్టి మెల్లగా పలుకుతోంది. ఎవరికోసమూ కాదు. ఆమని ఆ పేర్లు వింటూ, తనూ చూడాలనుకుంది. ఇన్నేళ్ళు ఉన్న ఊరు, ఒక్కసారి బాగా చూసి వెళ్ళాలనుకుంది. కానీ నెల రోజులుగా సరిగ్గా నిద్రలేదు. టాక్సీ చల్లగా ఉంది. రోడ్డు నున్నగా ఉంది. మూడో నాలుగో పేరు దగ్గర ఆమె కళ్ళు మూతలు పడ్డాయి.

ఉదయ్ భుజం తట్టి లేపేసరికి బయట విమానాశ్రయం పైకప్పు, తోపుడుబళ్ళు, జనం. వర్షిత అప్పటికే దిగి, బిస్కెట్ల పొట్లం పట్టుకుని నిలబడి ఉంది.

“అప్పుడే వచ్చేశామా?” అంది ఆమని.

“చాలాసేపైంది,” అన్నాడు ఉదయ్. “దిగు.”